వంటింట్లో వంక

పోయిన వారం షీరీన్‌ను కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా వదిలిపెట్టాం. రాప్తాడులో ఇళ్ళు కట్టే మేస్త్రీ నూర్ అహమ్మద్ కూతురామె. డిగ్రీ అయ్యాక అనంతపురంలో వనజాక్షి మేడం నడిపే ప్లాన్ల ఆఫీసులో చేరి, కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకుంటోంది. ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండా ఆమె గీసిన తొలి ఇల్లు ఓబమ్మది. ఆ ప్లాను తీసుకోవడానికి ఓబమ్మ వాళ్ళు కాసేపట్లో రావాలి. ప్రింటు తీసే ముందు లేయర్లన్నీ సరిచూసుకుందామని, ఆర్పేసి ఉన్న ఒక లేయరును షీరీన్ వెలిగించింది. నల్లటి తెర మీదికి ఒక జత నీలి గీతలు వచ్చి, ఓబమ్మ వంటింట్లోకి దూరి, అవతలి గోడలోంచి బయటపడి పక్క ప్లాట్లలోకి వెళ్ళిపోయాయి.

రెండు గీతల మధ్య చిన్న బాణం గుర్తు ఉంది. నీళ్ళు ఎటు పారతాయో చూపించే గుర్తు అది.

వంక! వాన కురిస్తే గుట్టల మీది నీళ్ళు చెరువుకు పోయే దారి. వానలు లేని ఏళ్ళలో దానికి ఆ పేరు కూడా మిగలదు. మేకల దారి అంటారు, బండ్ల బాట అంటారు, చివరికి ప్లాట్లు అంటారు.

షీరీన్ మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది. లేయర్ల సంగతి మేడమే నేర్పింది. "ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజు పలకలు అనుకో. ఒకదాని మీద గోడలు, ఒకదాని మీద తలుపులు, ఇంగోదాని మీద కరెంటు. వద్దనుకుంటే పక్కనుండే బల్బు బొమ్మ నొక్కు. కనపడదు. పోయిందనుకునేవు, యాడికీ పోదు. ఆడనే ఉంటాది" అని చెప్పింది. ఆ రోజు షీరీన్‌కు అదొక ఆటలాగా అనిపించింది. ఇల్లు చేరేదాకా దారిలో కనపడిన ప్రతి ఇంట్లోంచీ గోడలు ఆర్పుతూ, తలుపులు ఆర్పుతూ పోయింది.

"ఏం షీరీన్, ప్రింటు తీసినావా? వాళ్ళు బయల్దేరినారంట" అంటూ వనజాక్షి లోపలికి వచ్చింది. చేతిసంచీ కుర్చీకి తగిలించబోయి, తెర చూసి ఆగిపోయింది.

"దాన్నెందుకు ఆన్ చేసినావు?"

అదేమిటని ఆమె అడగలేదు. అంటే ఆమెకు ముందే తెలుసు.

"సరిచూద్దామని చేసినా మేడం. ఇది వంక గదా?"

"పాత సర్వే మ్యాపులోది."

"మరి ఆర్పినారెందుకు?"

వనజాక్షి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నలభై దాటిన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా షీరీన్ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు కూడా పెంచలేదు.

"అది బయ్యన్న లేఅవుట్. ప్లాట్లు ఏసేటప్పుడు ఆ గీత తీసేయమన్నాడు. నాకు మనసొప్పలా. తీసేయకుండా ఆర్పి పెట్టినా."

"కొనేటోళ్ళకు రెండూ ఒకటే గదా మేడం. కనపడదు."

"నేర్చుకునేకి వచ్చినావు, నేర్చుకో. నన్ను నిలదీసేకి రావద్దు."

అన్నాక వనజాక్షికే ఆ మాట గట్టిగా తగిలినట్లుంది. కుర్చీ లాక్కుని షీరీన్ పక్కన కూర్చుంది.

"చూడు పాపా. నేను ఈ ఆఫీసు తెరిచినపుడు, ఆడమనిషి గీసిన ప్లానుకు ఇల్లు నిలబడతాదా అని నవ్వినారు. పని ఇచ్చినోడు బయ్యన్న ఒక్కడే. నీకు తెలుసా ఆ సంగతి? ఆ వంకలో నీళ్ళు నేనెప్పుడూ చూల్లేదు. మా నాయన చూసింటే చూసింటాడు. కాగితం మీద ఉండేదంతా నేల మీద ఉండాలని ఏముండాది?"

"టౌన్లో వంక పొంగినపుడు మిద్దెల మీద ఇరుక్కున్నోళ్ళకు ట్రాక్టర్లో అన్నం పొట్లాలు తీసుకపోయినామని మీరే చెప్పినారు గదా మేడం. వాళ్ళు మాత్రం అంతకు ముందు ఆ వంకలో నీళ్ళు చూసినారా?"

వనజాక్షి చూపు తెర మీదికి తిప్పుకుంది. ఆ రోజు సంగతి ఆమె ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. బురదలో తేలుతున్న గ్యాస్ సిలిండర్లు, మంచం కోళ్ళకు కట్టేసిన మేకపిల్ల, ఇల్లు గృహప్రవేశమై ఏడాది కూడా కాలేదని ఏడ్చిన పిల్లతల్లి. చెప్పిన ప్రతిసారీ, "ఇండ్లు గీసేటోళ్ళం మనం, మనకుండాల బుద్ధి" అని ముగించేది.

"ఆర్పు" అంది చివరికి.

షీరీన్ కదల్లేదు. మేడం వస్తే లేచి కుర్చీ వదలడం ఆమెకు అలవాటు. ఈ రోజు వదల్లేదు. వనజాక్షి ఆమె ముందునుంచి చెయ్యి చాపి మౌస్ అందుకుంది. అప్పుడే మెట్ల మీద మాటలు వినిపించాయి.

"నిదానంగా రామ్మా. ఆ పక్క కమ్మీ పట్టుకో. ఆఁ, ఇంగొక్క మెట్టే."

బయ్యన్న గొంతు అది. తలుపు తోసుకుని ముందు ఓబమ్మ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని బయ్యన్న, వెనక ఆమె భర్త ఆదెప్ప. బస్సు మెట్లు ఎక్కడం ఓబమ్మ వల్ల కాదని తెలిసి బయ్యన్నే తన కారులో వాళ్ళను తీసుకొచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా మొదట వచ్చి నిలబడే మనిషి. అందుకే ఆయనంటే భయపడేవాళ్ళకన్నా ఆయన్ను మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

ఓబమ్మ, ఆదెప్పలది ఉరవకొండ అవతల ఒక పల్లె. వేసిన ప్రతిసారీ వేరుశెనగ ఎండిపోయి, బోర్లన్నీ దుమ్ము కక్కాక, చేను అమ్మి బయ్యన్న లేఅవుట్లో ప్లాటు కొన్నారు. ఆదెప్ప ఇప్పుడు ఒక గోడౌనుకు కాపలా ఉంటున్నాడు. వేరుశెనగ చెట్లు పీకుతూ, కాయలు కోస్తూ ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చున్నందుకు ఓబమ్మ మోకాళ్ళు పోయాయి. ఆమె ఇల్లు గీయమని మేడం చెప్పినప్పుడు షీరీన్ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఓబమ్మ బాడుగ గదికి పోయి, ఆమె వంట చేస్తుంటే చూసింది. పొయ్యి దగ్గర వంగలేక, నిలబడలేక, తిరగేసిన బిందె మీద సగం ఒరిగి కూర్చుని చేస్తోంది. అందుకని ఆమె వంటింట్లో గట్టు ఎత్తు తగ్గించి, కింద కాళ్ళు చాపుకునేంత ఖాళీ వదిలింది. గడపలు తీసేసింది. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కమ్మీ పెట్టింది. తెర మీద ఆ వంటింటిని చూసిన రోజు ఓబమ్మ, "నాకు గూడా ఇల్లు గీస్తారా పాపా? ఇల్లంటే మొగోళ్ళకు గీస్తారనుకున్నా" అంది.

ఈ రోజు ఆమె కొంగులో పసుపు కుంకుమ కట్టుకుని వచ్చింది, ప్లాను కాగితానికి పెట్టడానికి. నేరుగా తెర ముందుకు వచ్చి నిలబడింది.

"ఇదేంది పాపా, నీలంగా పోతాంది? నీళ్ళ పైపా?"

బయ్యన్న తెర చూశాడు. తర్వాత వనజాక్షిని చూశాడు.

"ఆఁ, పైపేలేమ్మా" అన్నాడు నవ్వుతూ.

ఒక్క క్షణం ఊరుకుంటే సరిపోతుంది. మేడం చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది. బల్బు బొమ్మ నొక్కితే గీత పోతుంది, ప్రింటు వస్తుంది, ఓబమ్మ దానికి కుంకుమ పెట్టుకుని పోతుంది.

"పైపు కాదు పెద్దమ్మా. వంక. మీ ప్లాటులోంచే పోతాది."

ఆదెప్ప ముందు అర్థం కానట్లు చూశాడు. తర్వాత నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేటంత నవ్వు.

"వంకా? ఈ నేలలోనా? నీళ్ళు మా దిక్కు వచ్చేటట్లుంటే సేను అమ్ముకోని ఈడికెందుకొస్తాం పాపా? ఆకాశం దిక్కు చూసి చూసి నా మెడ పట్టేసింది. నా ఇంట్లోకే నీళ్ళొస్తాయంటే అంతకంటే అదృష్టమేముండాది?"

ఓబమ్మ నవ్వలేదు.

"ప్లానుకు పెట్టుకుందామని పసుపు కుంకుమ తెచ్చుకున్న పొద్దు నీ నోట్లోంచి వచ్చే మాటేనా పాపా ఇది? నిన్ను బిడ్డ మాదిరి చూస్తి గదా. నా ఇంటికి వంక పెడతావా?"

"పెద్దమ్మా, నేను పెట్టేదేమీ లేదు. అది ఉండాది. వానొస్తే..."

"వానొస్తే, వానొస్తే! ముప్పై ఏండ్లు ఆ మాటే విన్నా నేను."

ఓబమ్మ సంతోషిస్తుందని షీరీన్ అనుకోలేదు గానీ, ఇంత కోపం వస్తుందనీ అనుకోలేదు. బయ్యన్న కల్పించుకున్నాడు.

"నేర్చుకునే పిల్ల, యాడో ఏదో నొక్కింటాది. దానికి కోపమెందుకమ్మా?" వనజాక్షి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు వనజాక్షీ. వంక ఉండాదా ఆడ?"

వనజాక్షి తల వంచుకుని మౌస్‌నే చూస్తోంది. "పాత మ్యాపులో ఉండాదన్నా" అంది. తల ఎత్తకుండానే, "ఇప్పుడు లేదు" అంది.

"విన్నావు గదమ్మా. ఇంగా అనుమానముంటే ఈ పిల్ల నాయన్నే అడుగుదాం. రాప్తాడులో పుట్టి పెరిగినోడు. నీ ఇల్లు కట్టేదీ ఆయనే." బయ్యన్న కిటికీలోంచి కిందికి చూసి కేకేశాడు. "మేస్త్రీ, రొంత పైకి రాప్పా!"

ప్లాను తీసుకోవడానికి వచ్చి కింద టీ అంగడి దగ్గర నిలబడి ఉన్న నూర్ అహమ్మద్ మెట్లెక్కి వచ్చాడు. గడ్డంలో తెల్లవెంట్రుకలు, చేతులకు పగుళ్ళు. కట్టిన గోడ తూకం గుండుకు నిటారుగా రాకపోతే ఇంటివాళ్ళు చూడకముందే తానే పడగొట్టించే మేస్త్రీ అని ఆయనకు పేరు. అందుకే నాయనను చూడగానే షీరీన్‌కు ధైర్యం వచ్చింది.

"మేస్త్రీ, ఓబమ్మ ప్లాటులో వంక ఉండాదంట. నీ కూతురు చెప్తాంది. ఉండాదా?"

నూర్ అహమ్మద్ తెర చూశాడు. ఆయన చూపు నీలి గీత వెంట ఒక కొసనుంచి ఇంకో కొసకు పోయింది. వంటింటి దగ్గర నిలిచింది. తర్వాత కూతుర్ని చూశాడు.

"లేదన్నా" అన్నాడు.

ఓబమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "నా తండ్రి! నూరన్న చెప్పినాక ఇంగేముండాది?"

షీరీన్ నాయన ముఖంలోకి చూసింది. ఆయన అప్పటికే కిటికీ వైపు తిరిగాడు.

విషయం అక్కడితో తెగిపోయేదే. కానీ బయ్యన్న గెలిచిన మనిషి. గెలిచినవాడికి ఇంకాస్త గెలవాలని ఉంటుంది.

"అయినా ఈ పాప అనుమానం అట్లే ఉండకూడదు. జేసీబీ పక్క ప్లాటులోనే ఉండాది. ముగ్గు ఈ పొద్దే పోయించి, పునాది తవ్విద్దాం. వంకయితే కింద ఇసుక రావాల. రాకుంటే గట్టి నేలే. పాపా, నువ్వు గూడా వచ్చి నీ కండ్లతో చూడు."

"ఈ పొద్దెందుకన్నా" అన్నాడు నూర్ అహమ్మద్ గబుక్కున. "కూలోళ్ళు ఎవురూ లేరు. రేపు..."

"మంచిపనికి రేపేందప్పా? జేసీబీకి కూలోళ్ళతో ఏం పని?"

ఓబమ్మ మొఖం విప్పారింది. తెచ్చుకున్న పసుపు కుంకుమ వృథా పోదు. "ఈ పొద్దే కానీ అన్నా" అంది. బయ్యన్న వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని కిందికి దిగాడు. వనజాక్షి బల్బు బొమ్మ నొక్కింది. గీత మాయమైంది. ప్రింటరు చప్పుడు చేస్తూ కాగితాన్ని బయటికి తోసింది.

*

షీరీన్‌ను వెనక కూర్చోబెట్టుకుని నూర్ అహమ్మద్ బండిని బెంగళూరు రోడ్డు ఎక్కించాడు. ఎదురుగాలికి చున్నీ కొట్టుకుంటోంది. రెండు పక్కలా ఎర్రనేల, కంపచెట్లు, "ప్లాట్లు అమ్మబడును" బోర్డులు. రాప్తాడు ఇంకా కాస్త దూరం ఉందనగా నూర్ అహమ్మద్ బండిని రోడ్డు దింపి ఆపాడు.

"ఉండాది" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"తెలుసు నాయనా. నీ మొగం చూస్తానే తెలిసింది."

"వంకొకటే కాదు. దానికి అడ్డంగా చెక్ డ్యామ్ ఉండాది. రాతికట్టడం. కట్టింది నేనే."

షీరీన్ బండి దిగి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"మీ అమ్మను చేసుకున్న ఏడు" అన్నాడు నూర్ అహమ్మద్. "అప్పటిదాకా ఒకరి కింద పనిచేసేటోన్ని. నేను ఒక్కన్నే పురమాయించి చేయించిన తొలి పని అది. ఒక్కో రాయి నేనే చూసి పెట్టించినా. ఆ ఏడు వాన కొట్టి కట్ట నిండింది చూడు, ఊరంతా వచ్చినారు చూసేకి. పిల్లోళ్ళు కట్ట మీదినుంచి దూకతాంటే మా అమ్మ, మీ జేజి దాదాబీ, కట్టె పట్టుకోని తరిమింది. ఆ తర్వాత నీళ్ళు రాలేదు. ఏండ్లు గడిసిపోయినాయి. బయ్యన్న నేల కొని, టిప్పర్లతో ఎర్రమన్ను తోలి చదును చేయించినాడు. పైన మన్ను పడితే కింద రాయి ఉండేది ఎవురికి గుర్తుంటాది? ఆయనకు గూడా తెలీదు. వంక పూడిపోయిందని తెలుసు. కట్టడం సంగతి తెలీదు."

"మరి లేదని ఎందుకు చెప్పినావు?"

"ఆ లేఅవుట్లో లేస్తాండే ఇండ్లన్నీ మనమే కడతాండాం. నన్ను నమ్ముకోని శింగనమల నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు మనోళ్ళు. వాళ్ళకు ఏం చెప్పేది? నా కూతురు కంప్యూటర్‌లో గీత చూసింది, పని లేదు పోండి అని చెప్పల్లా?"

"ఓబమ్మకు ఏం చెప్తావు? వాన రాదులే, పడుకో అని చెప్తావా?"

నూర్ అహమ్మద్ ముఖం బిగుసుకుంది. "మేడం నిన్ను ఫీజు లేకుండా ఎందుకు చేర్చుకున్యాదో ఎప్పుడన్నా అడిగినావా?"

"నా గీత బాగుందని..."

"నీ గీత చూసింది తర్వాత. ముందు బయ్యన్న చెప్పినాడు. మా మేస్త్రీ కూతురు, నేర్పించమ్మా అని. నేనే పోయి అడుక్కున్నా ఆయన్ను."

షీరీన్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. చేరాలని పోయిన తొలిరోజు మేడం పెన్సిలూ కాగితమూ ఇచ్చి, నీ ఇంటి ప్లాను గీసి చూపించు అంది. గీసింది. మేడం చాలాసేపు చూసి, రేపట్నుంచి రా అంది. ఆ కాగితం గీసినందుకే తనకు ఆ కుర్చీ దొరికిందని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. మౌస్ పట్టుకోవడం చేతకాక, గీసిన గోడలు తెర దాటి పారిపోతే బస్సులో ఏడ్చిన రోజుల్లో కూడా ఆ మాటే ఆమెను నిలబెట్టింది.

లారీ ఒకటి గాలి విసురుతూ పోయింది. నూర్ అహమ్మద్ ఆమె తల మీద చెయ్యి వేయబోయి, మధ్యలో ఆపాడు.

"ఏడవద్దు పాపా. నీ గీత సరిగ్గానే ఉండాది. ఇందాక చూసినా గదా. కట్టడం కొస యాడుందో నీ గీత ఆడనే వంటింట్లోకి దూరతాది. ఇన్నేండ్లయినాక నాకే సరిగ్గా గుర్తు లేదు యాడుండేదీ. నువ్వు చూపిస్తివి."

"బయ్యన్న జేసీబీ పెడితే రాయి తగులుతాది గదా నాయనా?"

"ఈశాన్యం దిక్కు మొదులు పెడితే తగలదు. ఆడ మన్ను లోతుగా పోసినారు, ఇసుక గూడా రాదు. అందుకే బయ్యన్నకు అంత ధైర్యం. నేను ముగ్గు యాడ పోస్తే డ్రైవరు ఆడ తవ్వుతాడు." బండి స్టార్టు చేశాడు. "ఎక్కు."

*

లేఅవుట్లో గాలికి అడ్డం లేదు. హద్దురాళ్ళకు తెల్ల రంగు వేసి ఉంది. మూల మలుపులో సగం లేచిన ఇళ్ళు కొన్ని, వాటి మీద ఆరేసిన తడి గోనెసంచులు. పసుపుపచ్చ జేసీబీ ఓబమ్మ ప్లాటు పక్కనే తొండం ఎత్తుకుని నిలబడి ఉంది. బయ్యన్న కారులోంచి కుర్చీ తెప్పించి ఓబమ్మను కూర్చోబెట్టాడు. ఆమె ఒళ్ళో ప్లాను కాగితం, దాని నాలుగు మూలలా కుంకుమ. వనజాక్షి కూడా స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తియ్యకుండా దూరంగా నిలబడింది. షీరీన్ వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

పూజ అయింది. ఆదెప్ప కొబ్బరికాయ కొట్టాడు. నూర్ అహమ్మద్ దారం కట్టి, మూలలు కొలిచి, సున్నంతో ముగ్గు పోశాడు. గోడ గోడకూ తెల్ల గీత లేచింది. కంప్యూటర్లో ఇన్ని రోజులూ అరచేతి వెడల్పున చూసిన ఇల్లు నేల మీద పడేసరికి షీరీన్‌కు కాసేపు మిగతాదంతా మరిచిపోయినట్లయింది. ఇది వరండా. ఇది గడప లేని వాకిలి. ఇది వంటిల్లు, ఆగ్నేయం మూల.

ఓబమ్మ కుర్చీలోంచి లేచి, సున్నం చెరిగిపోకుండా చూసుకుంటూ ఇల్లంతా ఒకసారి నడిచింది. వంటింట్లో నిలబడి, లేని గట్టు మీద చెయ్యి పెట్టినట్లు గాల్లో పెట్టి చూసుకుంది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"మేస్త్రీ, యాడ మొదులు పెట్టేది?" జేసీబీ డ్రైవరు అడిగాడు.

"ఈశాన్యం" అన్నాడు బయ్యన్న. "ఎప్పుడూ ఆడనుంచే గదా."

నూర్ అహమ్మద్ సున్నం డబ్బా తీసుకుని ఈశాన్యం మూలకు నడిచాడు. గుంట ఎక్కడ పడాలో ఆ చోట వంగాడు. చెయ్యి డబ్బాలో పెట్టాడు. ఆయన అలాగే కాసేపు ఉన్నాడు. తర్వాత లేచి, సున్నం పిడికిట్లోనే పట్టుకుని, ఇంటికి అడ్డంగా నడుచుకుంటూ ఆగ్నేయం మూలకు వచ్చాడు. వంటింటి గీత లోపల పెద్ద గుర్తు పెట్టాడు.

"ఈడ" అన్నాడు.

బయ్యన్న కారుకు ఆనుకున్నవాడు నిటారుగా లేచాడు. "మేస్త్రీ, ఈశాన్యం అటుండాది."

"తెలుసన్నా."

"ఆడనుంచి మొదులు పెట్టు."

"ఈడ తవ్వించి చూద్దామన్నా. ఆయమ్మ ఇల్లు, ఆయమ్మ చూడాల. నేను ఇందాక లేదని చెప్పింది..." నూర్ అహమ్మద్ ఆగాడు. ఎన్నేళ్ళుగానో ఈ మనిషికి 'సరేనన్నా' తప్ప ఇంకో మాట చెప్పినట్లు లేదు. "తవ్వప్పా" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు బయ్యన్నను చూశాడు, మేస్త్రీని చూశాడు. బయ్యన్న వద్దనలేకపోయాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. జేసీబీ గుర్రుమంటూ తిరిగింది. తొండం వంటింటి మీదికి లేచింది.

"ఆపు!"

ఓబమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడిపోయింది. కుంటుకుంటూ, ఇందాక అంత జాగ్రత్తగా దాటిన సున్నం గీతలను ఇప్పుడు తొక్కేస్తూ వచ్చింది. నూర్ అహమ్మద్ పెట్టిన గుర్తు దగ్గరికి వచ్చి, మోకాళ్ళు వంగకపోతే చేతులు నేలకు ఆనించి, దాని మీద కూలబడింది.

"తవ్వద్దు. నాకు చూడాలని లేదు."

డ్రైవరు తొండాన్ని గాల్లోనే ఆపేశాడు. దాని పళ్ళనుంచి మన్ను రాలి ఓబమ్మ తల మీద పడింది.

"ఓబీ! పిచ్చి గానీ పట్టిందా? లేయ్!" ఆదెప్ప అరిచాడు.

"లేయను. మన్ను కిందుండేది మన్ను కిందనే ఉండనీ. నా ఇల్లు నాకు కట్టియ్యండి. అంతే."

బయ్యన్న ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది. "చూసినావా మేస్త్రీ? ఇంటామే వద్దంటాంది. ఇంగెందుకప్పా నీకు?"

షీరీన్ పరుగెత్తుకుంటూ పోయి ఓబమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె భుజాల కింద చేతులు పెట్టి లేపబోయింది. "లేయి పెద్దమ్మా. పైన మిషన్ ఉండాది, ప్రమాదం. చూస్తే నీకే మంచిది. ఇంగా గోడలు లేయలా. ఇంగో ప్లాటు అడుగుదాం, నేను మళ్ళీ గీస్తా. ఇదే వంటిల్లు, ఇట్లే గీస్తా."

ఓబమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఏళ్ళ తరబడి చెట్లు పీకిన చెయ్యి. షీరీన్ విదిలించుకోలేకపోయింది. ఓబమ్మ ఆమెను తన ముఖం దగ్గరికి లాక్కుంది.

"నాకు తెలుసు పాపా" అంది, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా. "కొనే పొద్దే తెలుసు. ఆ మూల తుంగ మొలిచింది చూసినా. నీళ్ళు పారే తావున గానీ తుంగ మొలవదు. పుట్టినప్పట్నుంచీ నేల తవ్వినదాన్ని, నాకు తెలీదా?"

షీరీన్ చేతులు ఉన్నచోటనే ఆగిపోయాయి.

"సేను అమ్మనని మా ఆయప్ప నెత్తీనోరూ కొట్టుకున్యాడు. మా నాయన ఇచ్చిన నేల, సచ్చినా అమ్మను అన్నాడు. నేనే అమ్మించినా. నా కాళ్ళ కోసరం. వంగి పని చేయలేను, ఆ సేన్లో నా వల్ల కాదు అని ఏడ్చి, కూడు మాని అమ్మించినా. మా చేతికి అందింది ఈ ఒక్క ప్లాటే." ఓబమ్మ ఆదెప్ప వైపు ఓరగా చూసింది. "ఇప్పుడు దీంట్లో వంక ఉండాదని తెలిస్తే ఆయప్ప బతకడు పాపా. చెప్పద్దు. నీకు దండం పెడతా, ఆయప్పకు చెప్పద్దు."

సున్నం మీద నీడ పడింది. షీరీన్ తలెత్తింది. ఆదెప్ప వచ్చి వాళ్ళ మీదికి వంగి నిలబడి ఉన్నాడు. ఆఫీసులో నవ్విన నవ్వు ఆ ముఖంలో ఎక్కడా లేదు. భార్యను చూశాడు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు షీరీన్‌ను చూశాడు.

"ఏం చెప్తాంది పాపా నీతో?"